మూడో దెబ్బ

తొమ్మిది కప్పుల్నీ ఒక్కొక్కటిగా ఎత్తి, అంచు నేలకేసి తట్టి, లోపలికి చూసి మళ్లీ బోర్లించింది నికనోరా. తేలు లేదు. పందొమ్మిదేళ్లలో ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క కప్పులో కనబడింది. ఆ తర్వాత ఆమె ఏ కప్పునూ వెల్లకిలా వదిలింది లేదు. విడిది నుంచి బయల్దేరేటప్పుడు కూడా, తరువాత వచ్చే జట్టు కోసం పాక కింద ఉంచే గిన్నెలూ కప్పులూ అన్నీ బోర్లించి, చివరికోసారి వెనక్కి తిరిగి చూసుకుని మరీ కదులుతుంది.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఐదుగురు యాత్రికులు గైడు ఒబ్దూలియో వెంట పెద్ద గుడి మీద నుంచి సూర్యోదయం చూడడానికి వెళ్లారు. ముప్పావుగంట నడక, ఆపైన మెట్లు. రాత్రి మంచు కురిసింది కాబట్టి తడి మెట్లు. ఆ మెట్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలియదు. తన ఊరు కార్మెలీత నుంచి రెండు రోజులు అడవిలో నడిచి, మాయా జాతివాళ్లు ఎప్పుడో కట్టిన ఈ పాత పట్నానికి నూట అరవైసార్లయినా వచ్చి ఉంటుంది గానీ, వంటపాక దాటి గుడి దాకా పోలేదు. ఎవరు ఎక్కడ జారతారోనన్న ఆలోచన పొయ్యి దగ్గర నుంచే బాగా వస్తుంది, దానికి అంత దూరం పోనక్కర్లేదు.

ఐదుగురు, ఒబ్దూలియో, తన కొడుకు ఎవెలియో. ఏడుగురు. గంటకోసారి ఇలా లెక్కపెట్టుకుంటుంది. పొట్టి మనిషి, దళసరి మణికట్లు, చేతుల మీద పెనం కాల్చిన పాత మచ్చలు. ఎప్పుడూ ఎడమ చెవి అడవి వైపు ఉండేలా తల కొంచెం పక్కకి వాల్చి నిలబడుతుంది. పిండిముద్ద రెండు అరచేతుల మధ్య పలచగా తడుతుంటుంది, చెవి మాత్రం ఆ చప్పుడు అవతల ఇంకేదైనా వినబడుతుందా అని వెతుకుతుంటుంది.

ఎవెలియో బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, తండ్రిలాగే భుజాలు ముందే వస్తాయి, మనిషి వెనకాల వస్తాడు.

"అమ్మా, నా బూట్లలో ఏం పెట్టావు?"

"వెల్లుల్లి."

"ఎందుకూ?"

"పాములు రావు."

"పాముల సంగతి దేవుడెరుగు, మనుషులే రావట్లేదు నా దగ్గరికి."

కంచర గాడిదలకి జీను పట్టీలు సరిచేస్తున్న తనిస్లావో తల ఎత్తకుండానే అన్నాడు. "దానికి వెల్లుల్లిని తిట్టకురా. మనుషులు ముందు నుంచీ రావట్లేదు."

తనిస్లావో గాడిదల్ని తోలే మనిషి. అరవై ఏడేళ్లు. సన్నగా, ఎండిన పట్టీలాగా ఉంటాడు. ఎప్పుడో గాడిద తోసేస్తే కుడిభుజం తప్పి, మళ్లీ సరిగా కూర్చోలేదు. ఎవెలియోకి జ్ఞానస్నానం చేయించిన రోజు బిడ్డను చేతుల మీద పట్టుకున్నది ఆయనే, జ్ఞానతండ్రి. నీలంరంగు పెచ్చులూడిన కప్పులో మూడు చెంచాల పంచదార వేసుకుని కాఫీ తాగుతాడు. ఆ కప్పు ఆమె ఇంకెవరికీ ఇవ్వదు.

నికనోరా భర్త లియోన్సియో అడవిలో సపోటా చెట్ల నుంచి చూయింగ్ గమ్‌కి వాడే పాలు తీసేవాడు. నడుముకీ మానుకీ కలిపి తాడు, బూట్లకి ఇనుప ముళ్లు, చేతిలో పొడుగు కత్తి. బెరడు మీద ఏటవాలు గాట్లు పెట్టుకుంటూ పైకి పోవాలి. ఒకరోజు ఆ కత్తి బెరడుకి బదులు తాడుకి తగిలింది. కొమ్మ విరగలేదు, పాము కరవలేదు, తన కత్తితో తన తాడే కోసుకున్నాడు. పాలు తీసేవాళ్ల ఇళ్లలో ఇలాంటి చావు ఎక్కడో ఒకటి ఉంటుంది, దాని గురించి ఎవరూ వివరంగా మాట్లాడుకోరు. శవాన్ని గాడిద మీద వేసుకుని, పక్కన రెండు రోజులు నడిచి, ఊరికి తెచ్చింది తనిస్లావో. ఎవెలియోకి అప్పుడు ఐదేళ్లు.

ఆ తర్వాత తనిస్లావో పాల పని మానేసి గాడిదల పనిలోకి వచ్చాడు. శిథిలాలు చూడడానికి వచ్చే జట్లకి వండడానికి ఆమె చేరింది. ఈ అడవిలో నేల మీద గడ్డి మొలవదు. రమోన్ చెట్టు ఆకే గాడిదలకి మేత. రోజూ సాయంత్రానికి ఒక మనిషి ఆ చెట్టెక్కి కొమ్మలు నరికి పడెయ్యాలి. అదే తాడు, అవే ముళ్లు, అదే కత్తి. తనిస్లావో మొదటిసారి మేతకి ఎక్కిన రోజు ఆమె పొయ్యి మీద బీన్స్ మాడ్చింది. మరుసటి రోజు నుంచి ఆయన చెట్టు దిగగానే, గోడలా పైకి లేచిన వేరు మీద కత్తి పక్కవాటుతో మూడు దెబ్బలు కొట్టడం మొదలుపెట్టాడు. డొల్లగా, దూరం పోయే చప్పుడు. ఒకటి, రెండు. భుజం మళ్లీ లేవడానికి కాస్త సమయం పట్టి, మూడు.

ఎవెలియోని మాత్రం ఆమె ఇప్పటి దాకా చెట్టెక్కనివ్వలేదు. కడుపునొప్పి అంది, కల వచ్చిందంది, నీళ్లు తెమ్మని పంపింది. ఇది వాడి మూడో పరీక్ష ప్రయాణం. తిరిగి వెళ్లాక తనిస్లావో గాడిదలు తోలేవాళ్ల సంఘానికి "పనంతా వాడొక్కడే చేశాడు" అని చెబితేనే వంతుల పట్టీలోకి పేరెక్కుతుంది. మొదటి రెండు ప్రయాణాల తర్వాత ఆయన ఆ మాట చెప్పలేకపోయాడు.

పొద్దెక్కాక యాత్రికులు తిరిగి వచ్చారు. ఐదుగురు, ఒబ్దూలియో. ఆమె ఊపిరి వదిలి గుడ్లు పగలగొట్టింది. యాత్రికుల్లో పొడుగు అమ్మాయికి వీళ్ల భాష కొద్దిగా వచ్చు. పొయ్యి దగ్గరకొచ్చి కూర్చుంది.

"మీరు ఎప్పుడూ గుడి ఎక్కలేదట?"

"ఎక్కితే దిగాలి కదమ్మా."

అమ్మాయి నవ్వింది. నికనోరా నవ్వలేదు. "పైనుంచి ఏం కనబడింది?"

"అడవి. ఎటు చూసినా అడవే."

"అది ఇక్కణ్ణుంచీ కనబడుతుంది" అంటూ నికనోరా, పిడుదు ఏదైనా పాకుతోందేమోనని ఆ అమ్మాయి మోచెయ్యి తిప్పి చూసింది.

మధ్యాహ్నం ఎండకి కోతులు కూడా ఊరుకున్నాయి. ఆమె ఊరుకోలేకపోయింది. కట్టెలు ఒక మూల నుంచి ఇంకో మూలకి మార్చింది. బియ్యం రెండుసార్లు ఏరింది. ఎవెలియో పాక వెనక కూర్చుని ఇనుప ముళ్లని రాయి మీద సాన పెడుతున్నాడు. ఆ చప్పుడు ఆమె పళ్లలోకి వస్తోంది. చివరికి చెయ్యి తుడుచుకుని తనిస్లావో పడుకున్న గుడ్డ ఉయ్యాల దగ్గరకి పోయింది.

"అన్నా, ఇవాళ్టికి నువ్వెక్కు."

ఆయన ముఖం మీద టోపీ తియ్యలేదు. "వాడికి మాటిచ్చాను చెల్లెమ్మా."

"కొమ్మలన్నీ తడిగా ఉన్నాయి."

"మిట్టమధ్యాహ్నం తడేంటి?"

"నా ఎడమ కన్ను అదురుతోంది."

"పందొమ్మిదేళ్ల నుంచీ అదురుతోంది. ఈపాటికి రాలిపోవాల్సింది." టోపీ కొంచెం జరిపి చూశాడు. ఆమె ముఖంలో ఏం కనబడిందో, లేచి కూర్చున్నాడు. లేవడానికి ఉయ్యాల తాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఆమె చూసింది. చూసి కూడా కొడుకు వైపు తల తిప్పుకుంది. "సరే. వాడే కోశాడని చెబుతాను సంఘంలో. ఈ ఒక్కసారి అబద్ధానికి నువ్వే పాపం మొయ్యాలి."

"మోస్తాను."

ఆమె పాక వెనక్కి పోయి, పలోమా అనే గాడిద ముందుకాలు కుంటుతోందని, నీళ్ల తొట్టి దాకా నడిపించి గిట్టలు చూసుకు రమ్మని ఎవెలియోకి చెప్పింది. వాడు ముళ్లు అక్కడే పెట్టి వెళ్లాడు. తనిస్లావో వాటిని ఎత్తుకుని, తాడు భుజాన వేసుకుని రెండో దారిన వెళ్లిపోయాడు.

అడవిలోంచి నరుకుడు చప్పుడు మొదలైంది. ఆగుతోంది, మొదలవుతోంది, చాలాసేపు ఆగుతోంది. ఆమె దాన్ని ఊరికే విన్నది, భయపడుతూ కాదు. భయపడాల్సినవాడు నీళ్ల తొట్టి దగ్గరున్నాడు.

అరగంటకి ఎవెలియో వచ్చాడు.

"ఏ కాలమ్మా?"

ఆమె పెనం మీద రొట్టె తిప్పింది.

"నాలుగు కాళ్లూ చూశాను. రాయి లేదు, పుండు లేదు." వాడి చూపు సాన రాయి మీదికి పోయింది. పక్కన ముళ్లు లేవు. "మామ ఎక్కడ?"

"ఆయనే వెళ్తానన్నాడు."

"నువ్వు పంపావు."

"పొయ్యి దగ్గర అరవకు."

"అరవట్లేదు." నిజంగానే వాడు అరవలేదు. అందుకే ఆమెకి ఇంకా కష్టంగా ఉంది. "నన్ను బతికించడానికి ఇంకెంతమందిని చెట్టెక్కిస్తావమ్మా?"

గాడిదల్ని విప్పుకుని చప్పుడు వచ్చే వైపు పోయాడు. ఆ తర్వాత నరుకుడు ఆగిపోయింది. ఆమె చేతిలో పిండిముద్ద పట్టుకుని అలాగే నిలబడింది. వాడు మామతో గొడవపడి పైకి ఎక్కేశాడేమో, కోపంలో ఉన్నవాడి చెయ్యి తాడుకీ కొమ్మకీ తేడా చూడదు.

ఒకటి, రెండు, మూడు.

వేరు మీద దెబ్బలు. సమంగా, ఒకదాని వెంట ఒకటి. ఇవాళ భుజం బాగున్నట్టుంది అనుకుంది. పొద్దున్నుంచి మొదటిసారి కట్టెల మొద్దు మీద కూర్చుంది. నీలం కప్పు ఎత్తి, తట్టి, చూసి, కాఫీ పోసింది. మూడు చెంచాల పంచదార వేసింది, పాపం మోస్తానన్న మాట గుర్తొచ్చి ఇంకో అర చెంచా వేసింది. చల్లారకుండా మీద ఒక రొట్టె మూతలా పెట్టింది.

ఎవెలియో తిరిగొచ్చేసరికి వెలుగు చెట్ల పైకి పోయింది. గాడిదల వీపుల మీద ఆకుల మోపులు, ముందు వాడు. వెనక ఎవరూ లేరు.

"మామేడీ?"

"కూర్చున్నాడు. ఊపిరి తీసుకుని వస్తాను, నువ్వు మేత పట్టుకుపో అన్నాడు." వాడి కోపం సగం తగ్గింది, సిగ్గుపడుతున్నట్టున్నాడు. "నేను వెళ్లేసరికి దిగుతున్నాడు. ముందు దెబ్బలు కొట్టరా, మీ అమ్మ రొట్టెలు మాడుస్తుంటుంది అన్నాడు."

"కొట్టింది నువ్వా?"

"నేనే. ఏం?"

ఆమె అప్పటికే నడుస్తోంది. తర్వాత పరుగెత్తింది. పందొమ్మిదేళ్లలో పాకకి ఇంత దూరం ఎప్పుడూ రాలేదు.

తనిస్లావో రమోన్ వేరుకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. టోపీ ముఖం మీదికి జారి ఉంది, ఉయ్యాలలో పడుకున్నట్టే. బూట్లకి ముళ్లు అలాగే ఉన్నాయి. నడుముకి తాడు ఉంది. ఆమె తాడుని మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమింది. ఎక్కడా గాటు లేదు. కత్తి చక్కగా ఒరలో ఉంది. చెయ్యి పట్టుకుంటే వేళ్ల చివర్లు ఆకు పసరుతో జిగటగా, చల్లగా తగిలాయి.

ఐదుగురు, ఒబ్దూలియో, ఎవెలియో. ఏడుగురు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు లెక్కపెట్టింది. ఎవెలియో వెనక నుంచి వచ్చి నిలబడేదాకా ఆమె ఆ టోపీ తియ్యలేదు.

ఒబ్దూలియో శిథిలాల కాపలావాళ్ల గుడిసెకి పోయి రేడియోలో ఊరికి కబురు చెప్పాడు. ఊరి నుంచి ఒకటే మాట వచ్చింది, తీసుకురండి అని. యాత్రికులు ఎవరి గుడారం ముందు వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పొడుగు అమ్మాయి మాత్రం వచ్చి పొయ్యి ఊదింది.

తెల్లవారి గాడిదలకి మేత మళ్లీ కావాలి. తనిస్లావోని మోసే పలోమా రెండు రోజులు నడవాలి, ఖాళీ కడుపుతో నడవదు. ఎవెలియో తాడు తీసుకుని తల్లి ముందు నిలబడ్డాడు.

"ఇవాళ కోసినా సంఘంలో చెప్పడానికి మామ లేడు" అన్నాడు. "అయినా కొయ్యాలి."

ఆమెకి కడుపునొప్పి అనాలనిపించింది. కల వచ్చిందనాలనిపించింది. నిజంగానే వచ్చింది కూడా. తాడు అందుకుని, మూరమూరకీ లాగి చూసి, వాడి నడుముకి తనే ముడి వేసింది. ముడి మీద ఇంకో ముడి వేసింది. "కత్తి నీ వైపుకి రాకుండా నరుకు. తాడు ఎక్కడుందో చూసి నరుకు. ప్రతిసారీ చూడు."

"ప్రతిసారీ చూస్తాలే."

చెట్టు కింద నిలబడి, వాడి బూటు అడుగులు ఆకుల్లోకి మాయమయ్యేదాకా మెడ ఎత్తి చూసింది. బెరడు పొడి కళ్లలో పడింది. తుడుచుకుంది గానీ చూపు దించలేదు. కొమ్మలు ఒక్కొక్కటే పడ్డాయి. వాడు దిగాడు. దిగి, అలవాటు కొద్దీ కత్తి పక్కవాటుగా వేరు మీదికి ఎత్తాడు. వినాల్సిన మనిషి ఎదురుగానే ఉంది. కత్తి దించి ఒరలో పెట్టుకున్నాడు.

ఎండ పడక ముందే బయల్దేరారు. ముందు ఒబ్దూలియో, తర్వాత యాత్రికులు, తర్వాత ఉయ్యాలగుడ్డలో చుట్టి పలోమా మీద కట్టిన తనిస్లావో, పక్కన ఎవెలియో చెయ్యి వేసి. నికనోరా చివరగా గిన్నెలు బోర్లించింది, కప్పులు బోర్లించింది, ఎనిమిది. నడుస్తూనే మనుషుల్ని లెక్కపెట్టింది. ఏడుగురు. తర్వాత పలోమా వైపు చూసి, ఎనిమిదో మనిషిని కూడా లెక్కలో వేసుకుంది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

పాక కింద పొయ్యి రాళ్ల పక్కన నీలంరంగు పెచ్చులూడిన కప్పు ఒకటి వెల్లకిలా ఉండిపోయింది, దాని మీద మూతలా పెట్టిన రొట్టె అంచులు పైకి లేచి గట్టిపడి ఉంది.