టిక్కు పెట్టిన చోట

ఫుడ్ ఇన్‌స్పెక్టరనే మనిషి ఒకడుంటాడని రోజలిన్‌కి, ఆయన తన ఇంటి ముందుగదిలో నిలబడి "ఓనరెవరమ్మా?" అని అడిగేదాకా తెలీదు.

ప్యాకెట్లు సీలు చేస్తున్న ఆడవాళ్లు తలలెత్తి ఆమెకేసి చూశారు. రోజలిన్ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. గోడ తప్ప ఎవరూ లేరు.

ఆయన బెల్లం పొడి తీసుకుని, సీసాల్లో పోసి లక్క సీలు వేశాడు. ల్యాబుకి పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు. అప్పుడు మొదలైన దడ ఆమెని మరి వదల్లేదు.

అసలీ వ్యాపారం ఆమె భర్త క్రాంతికుమార్‌ది. అనకాపల్లి బెల్లం దిమ్మని కొట్టుకునే ఓపిక సిటీవాళ్లకి లేదు, పొడి చేసి ప్యాకెట్లలో పెడితే ఎగబడి కొంటారన్నాడు. ఆలోచనకి వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆయన కోటవురట్లలో గవర్నమెంటు మాస్టారు. సర్కారు జీతం తింటూ వ్యాపారం చేయకూడదు. అందుకని అనకాపల్లి మునిసిపాలిటీ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నీ పెళ్లాం పేరు మీద పెట్టేశాడు. మన ఊళ్లలో ఇదేమన్నా కొత్తా? పెత్తనం ఆయనది, పేరు ఆవిడది.

సాయంత్రం బడి నుంచి రాగానే కాయితాల మీద పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఇచ్చేవాడు. టిక్కున్న చోట రోజలిన్ సంతకం పెట్టేది. పదో తరగతి పాసైన మనిషి, చదవలేక కాదు. మొగుడిచ్చిన కాయితం చదివితే మొగుణ్ణి అనుమానించినట్టే అనుకుంది, పిచ్చిది. పైగా ప్యాకెట్ మీద 'రోజా బెల్లం పొడి' అని చూసుకుని మురిసిపోయి, ఒకటి బైబిలు పక్కన దాచుకుంది కూడా.

ఇప్పుడు ఆ ప్యాకెట్ చూస్తే ప్రాణం పీచుపీచుమంటోంది. వీధిలో బండి ఆగితే చాలు, చేతిలో గిన్నె జారిపోతోంది. చర్చిలో ఆడవాళ్ల ప్రార్థనలో ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటుంటే, నోరు తెరిస్తే ఊరంతా పాకిపోతుందని ఈమె తల దించుకుని కూర్చుంది.

చివరికి మొగుడూ పెళ్లాలు లాయరు త్రినాధరావు దగ్గరికెళ్లారు. సంగతి వింటూనే ఆయన మండిపడ్డాడు.

"బెల్లం ఎవరి దగ్గర కొన్నారు?"

"అప్పలరాజు బావ గానుగలో కొన్నామండి," అన్నాడు క్రాంతికుమార్.

"బిల్లేది?"

క్రాంతికుమార్ నవ్వబోయాడు. "బావని బిల్లడిగితే బాగుంటాదేటండి? నన్ను నమ్మవా అంటాడు."

"బెల్లం రంగు తేలడానికి ఆ బావ పాకంలో హైడ్రోసు మందు గుమ్మరించేడనుకో. సరుకు మంచిదని రాసిన బిల్లుంటే అది ఆయన మెడకి చుట్టుకునేది. లేదు కాబట్టి లైసెన్సున్న మనిషికి చుట్టుకుంటాది. నేరం రుజువైతే ఆరునెలలకి తక్కువ కాకుండా జైలు."

లైసెన్సున్న మనిషి అక్కడే కూర్చుని చీర కొంగు నలుపుకుంటోంది.

"పాత తేదీ వేసి ఇప్పుడు బిల్లు రాయించేత్తేనో?" అన్నాడు క్రాంతికుమార్.

"కొరివితో తల గోక్కుంటావా మాస్టారూ? అదింకో కేసు. యాపారం మొదలెట్టకముందు రావాలయ్యా నా దగ్గరికి. నడిపేవాడి పేరే కాయితంలో ఉండాలి. నీకు కుదరదంటే మానుకోవాలి. ఇంక మిగిలింది ఒక్కటే. నడిపేది నువ్వని నువ్వే ఒప్పుకో."

"నా ఉజ్జోగం పోద్దండి!"

"మరి ఆవిడ?"

క్రాంతికుమార్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఇంటికొచ్చే దారిలో రోజలిన్ రెండుసార్లు ఆయన మొహం చూసింది. ఆయన ఈమెవైపు తిరగలేదు. ఇన్‌స్పెక్టరంటే ఉన్న భయం ఒకెత్తు, అప్పుడు పుట్టిన భయం ఒకెత్తు.

రిపోర్టు వచ్చింది. హైడ్రోసు తేలింది. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు.

లోపలికొచ్చి కాయితాలు తీశాడు. "ఈ సరుకు ఎంతకి కొన్నారమ్మా? ఎప్పుడు కొన్నారు?"

రోజలిన్‌కి తెలీదు. మొగుడికేసి చూసింది. ఒక్క మాట, ఒక్క మాట చెప్పండి అన్నట్టు చూసింది.

క్రాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు. "నాకేటీ తెలీదు సార్. నేను మాస్టర్ని. ఇదంతా ఆవిడ యాపారమే."

పదేళ్ల కాపురం. ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో! రోజలిన్‌కి ఏడుపు రాలేదు.

ఇన్‌స్పెక్టరు ఆ మాటే వాంగ్మూలంలో రాసి కాయితాల బొత్తి ఆమె ముందు పెట్టాడు. "సంతకం పెట్టమ్మా." ఆమె పెన్ను పట్టుకుంది. పక్కనుంచి క్రాంతికుమార్ అలవాటు కొద్దీ వంగి, చకచకా పేజీలు తిప్పి, జేబులోంచి పెన్సిల్ తీసి చిన్న టిక్కు పెట్టాడు.

"ఇక్కడెట్టు, రోజా."

ఇన్‌స్పెక్టరు ఆ టిక్కు చూశాడు. బ్యాగులోంచి మునిసిపాలిటీలో ఇచ్చిన లైసెన్సు దరఖాస్తు తీసి పక్కన పెట్టాడు. సంతకం పక్కన చెరపడం మరిచిపోయిన అలాంటి టిక్కే ఉంది.

"అన్నీ మీరే చూపిస్తారా మాస్టారూ, ఈవిడకి సంతకం చోటు?"

క్రాంతికుమార్ చేతిలో పెన్సిల్ కింద పడింది.

రోజలిన్ పెన్ను పక్కన పెట్టింది. కాయితాలు దగ్గరికి లాక్కుని మొదటి పేజీకి తిప్పింది.

"ఉండండి సార్," అంది. "ముందు చదువుతాను. ఇందులో 'ఇదంతా ఆవిడ యాపారమే' అని రాసున్న చోట నేను సంతకం పెట్టను."