పోయే ఆవిరి

నిప్పుల మీద కట్టె చీలికను ఏటవాలుగా ఆనించి, పొయ్యి తలుపును గోనెపట్టతో మూసి, గిడియోన్ కాసేపు మోకాళ్ల మీదనే ఉండిపోయాడు. ఎవరైనా చూస్తే మంట తీరును గమనిస్తున్నాడనుకుంటారు. నిజానికి అతడు గమనిస్తున్నది తన ఊపిరిని.

శామీర్‌పేట్ చెరువు మీద మంచు ఇంకా విడలేదు. రిసార్టువాళ్ల చిన్న ఆవిరి పడవ రేవుకు ఆనుకుని, తాడు సాగినప్పుడల్లా సన్నగా మూలుగుతోంది. మేడ్చల్ నుంచి మొదటి బస్సులో వచ్చి దాని పొయ్యి రాజేయడం, ఆదివారమైనా పండగైనా, అతని పని. అంతకు ముందు గుండ్లపోచంపల్లిలో ఒక మందుల కంపెనీ బాయిలర్ దగ్గర నడివయసంతా కరిగిపోయింది. అది మూతపడినప్పుడు, పొగపట్టిన ఛాతీ తప్ప అక్కణ్ణించి అతడు వెంట తెచ్చుకున్నదేమీ లేదు.

నిరుటి చలికాలం నుంచి కట్టెల మోపు ఎత్తితే చాలు, లోపల ఎవరో గుప్పిట బిగించినట్టవుతోంది. ఆ ఆయాసం మేనేజరు రఘునందన్ కంటబడితే మరునాడు ఈ పొయ్యి ముందు మరో మనిషి కూర్చుంటాడు. అప్పుడు భార్య రేచల్, పేట్ బషీరాబాద్‌లో ఇప్పటికే వంట చేస్తున్న ఇళ్లు చాలక, ఇంకో ఇల్లు పట్టుకుంటుంది. ఆమె మణికట్ల వాపు అతనికి తెలుసు.

అందుకే ఆ ఉపాయం. ఇంజన్‌లో పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టంలోంచి బుస్సుమని గాలిలో కలిసేది. అతడు దాన్ని మళ్లించాడు. రాగి గొట్టాన్ని చుట్టలుగా వంచి, బాయిలర్‌కు నీళ్లందించే డ్రమ్ములో దించాడు. ఇప్పుడు ఆవిరి తన వేడినంతా ఆ నీళ్లకిచ్చి పోతుంది. కాగిన నీళ్లే బాయిలర్‌లోకి వెళ్తాయి. కట్టెలు తక్కువ పడతాయి, మోపులు ఎత్తే పని తగ్గుతుంది. వండబోయే ప్రతిసారీ రేచల్ బియ్యంలోంచి గుప్పెడు తీసి చర్చి కోసం వేరే కుండలో వేస్తుంది. ఆ కుండను చూస్తుండగానే అతనికి ఈ ఆలోచన తట్టింది. ఆమె దేవుడి కోసం దాస్తోంది, అతడు తన ఛాతీ కోసం దాచుకున్నాడు.

“మామా, గీ పడవకు గురక బందయింది. బుస్‌బుస్ ఏదని పోరగాళ్లు నన్ను తింటాండ్రు,” అన్నాడు చుక్కాని పట్టే ధర్మేందర్.

“నిద్రవోయిందని చెప్పు.”

“నిద్రమొఖం నీదే ఉన్నది. ఏందట్ల?”

“నేను చర్చికి రానని మీ అత్త పొద్దుగాల్నే గులిగింది. గందుకే.”

“అత్త గులగని ఆదివారం ఏదన్న ఉన్నదా?” అని నవ్వి ధర్మేందర్ తాడు విప్పాడు.

రోజంతా పడవ చెరువు చుట్టూ తిరిగింది. జనం ఎక్కారు, ఫోటోలు దిగారు, దిగిపోయారు. గిడియోన్ డ్రమ్ముకు వీపు ఆనించి, ఆ వెచ్చదనం ఎముకల్లోకి దిగేదాకా కళ్లు మూసుకుని, ఒడ్డు దగ్గరపడగానే తెరిచేవాడు. ఆ కాసేపే అతనికి విశ్రాంతి. ఎండ వాలి, చివరి జనం దిగాక, నిప్పును ఆరనిద్దామనుకుంటుండగా రఘునందన్ స్వయంగా చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

“తాగుర్రి గిడియోన్ గారూ. కట్టెలు సగానికి సగం మిగిలినయ్. పోయే ఆవిరితోని గింత ఫాయిదా అనుకోలే.”

“ఏదో సారూ, గట్ల నడుస్తాంది.”

“కట్టెలున్నయ్ గద, ఇగ నుంచి పొద్దుగూకేటప్పుడు ఇంకో చుట్టు వేద్దాం. ఇయ్యాల్నే షురూ. కొంపల్లి నుంచి ఒక గుంపు వచ్చి కూసున్నరు.”

గిడియోన్ నోరు తెరిచాడు. చాతనైతలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఏమన్న తకలీఫా?”

“ఏం లేదు సారూ. నిప్పున్నది.”

గ్లాసును డ్రమ్ము మూత మీద పెట్టి, రేవుకు వేసిన చెక్క పలక మీదుగా కట్టెల కోసం ఒడ్డుకు నడిచాడు.

“ఆగు మామా, నేను తెస్త,” అన్నాడు ధర్మేందర్.

“నువ్వు తాడు సూడు.” రఘునందన్ రేవు మీద నిలబడి చూస్తున్నాడు.

గిడియోన్ మోపు ఎత్తాడు. పలక మధ్యలో ఒకసారి ఆగాడు. పడవలోకి దిగి, కట్టెలను అలవాటు చొప్పున లావు మొదళ్లు ఒకవైపుకు వచ్చేలా సర్ది, వాటి పక్కనే కూర్చున్నాడు.

“మామా, ఇడువాల్నా తాడు?”

గిడియోన్ తల మెల్లగా కట్టెల మీదికి వాలిపోయింది.

“మామా!”

ధర్మేందర్ చేతిలోంచి తాడు నీళ్లలోకి జారింది.

కొంపల్లివాళ్లను వెనక్కి పంపేశారు. ఊపిరి ఆగిన గిడియోన్‌ను రిసార్టు వ్యానులో మేడ్చల్‌కు తీసుకెళ్లారు. రేచల్‌కు ఏమని చెప్పాలో తెలియక ధర్మేందర్ దారి పొడుగునా ఫోను చేతిలోనే పట్టుకున్నాడు.

రేవు ఖాళీ అయింది. పొయ్యిలో నిప్పులు బూడిద కప్పుకున్నాయి. డ్రమ్ము మూత మీద స్టీలు గ్లాసులో చాయ్ మీగడ కట్టింది. మూత కింది నీళ్ల కాకకు అది ఇంకా చల్లారలేదు.