ఊల్కాన్ అక్క గుడారం తలుపు

మా బిష్కెక్ ఆఫీసు నడిపే ‘జైలో’ అనే ఆన్‌లైన్ లోకంలో కొండలు, వాగులు మాత్రమే మావి. మిగిలినదంతా అక్కడికొచ్చే జనం కట్టుకున్నదే. వాళ్లకు మేమిచ్చినవి పెట్టె, బంతి, గొట్టం. వాటినే సాగదీసి, అతికించి ఊళ్లు లేపారు. నారిన్ ఊళ్లో ఉండే ఊల్కాన్ అక్క, బొమ్మల నాటకశాలలో తెరలు గీసి రిటైరైన మనిషి, బంతులతో ఒక గుర్రాన్ని చేసి నడిమి మైదానంలో నిలబెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు దాని పక్కనే ఫొటో దిగేవారు.

ఆ ఏడు మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే సైకాల్ ‘మెష్’ అనే కొత్త పనిముట్టు తయారు చేసింది. చిన్న చిన్న త్రికోణాలను వలలా అల్లి ఏ ఆకారమైనా చేసుకోవచ్చు. మా యజమాని తొలోగోన్ పొంగిపోయాడు.

“నూరుజ్ పండక్కి మొదలెడదాం. మైదానంలో పాత సరుకంతా తీసేయండి. ఆ గుర్రం బంగాళాదుంపల బస్తాలా ఉంది” అన్నాడు.

ఈ మాట నారిన్ చేరింది. ఊల్కాన్ అక్క సైకాల్‌కి ఫోన్ చేసింది. తిడుతుందేమోనని సైకాల్ భయపడింది గానీ, ఆవిడ మెష్ నేర్పమంది. రోజూ పాఠమే. ఒకరోజు అడిగింది:

“పిల్లా, నేను గోడ గీస్తే మనుషులు దానికే గుద్దుకుంటారా?”

“లేదక్కా. అన్ని త్రికోణాలూ చూసుకోవాలంటే కంప్యూటర్‌కి బరువు. తగలడానికి ఇంకో మోటు ఆకారం విడిగా ఇవ్వాలి. అది ఎవరికీ కనబడదు.”

“అంటే కనబడేది వేరు, తగిలేది వేరు.”

“రెండూ ఒకేలా ఇవ్వాలక్కా.”

“ఇవ్వకపోతే?”

సైకాల్‌కి ఏదో అనుమానం వచ్చింది. కానీ అడగలేదు.

పండగ రోజు మైదానం నిండిపోయింది. ఊల్కాన్ అక్క మెష్‌తో కట్టిన గుడారం చూసి అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. ఉన్ని మీద ముగ్గులు, అల్లిన తాళ్లు, బార్లా తీసిన తలుపు. ఆ లోకంలో తొలోగోన్ తరఫున తిరిగే బొమ్మ తెల్ల టోపీ పెట్టుకుని, బయటి అతిథులు చూస్తుండగా తలుపులోకి నడిచింది. ఢీకొని ఆగింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది.

“తల వంచు తమ్ముడూ, గుమ్మం కదా” అంది ఊల్కాన్ అక్క.

వంచాడు. అయినా తగిలింది. వెనకున్నవాళ్లూ మర్యాదగా ఒక్కొక్కరే వంగడం మొదలెట్టారు. ఇంతలో మెష్‌తో చేసిన ఒక మేక పక్కగోడలోంచి తాపీగా లోపలికి వెళ్లిపోయింది. తొలోగోన్ దాని వెంటే దూరాడు. లోపల కనబడని పెట్టె ఇంకోటి ఉంది, లోనికి రానిస్తుంది గానీ బయటికి పోనివ్వదు. అందులో చిక్కుకున్నాడు, ఎటు తిరిగినా తగులుతోంది. ఆఫీసులో మేమంతా బల్లల కింద మొహాలు దాచుకున్నాం.

“సైకాల్, ఇది బాగుచెయ్యి” అని పక్కగదిలోంచి అరిచాడు.

“ఇందులో తప్పేం లేదు సార్. తగలడానికి ఆవిడ ఇచ్చిన ఆకారం అదే.”

తొలోగోన్ లాగౌట్ అయిపోవచ్చు. కానీ అతిథుల ముందు మాయమైపోవడానికి మనసొప్పలేదు.

“అక్కా, దారి చూపండి” అన్నాడు, గొంతు తగ్గించి.

“చూపిస్తా తమ్ముడూ. నా బంగాళాదుంపల సంగతేంటి?”

ఆఫీసులో ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు.

“గుర్రం అక్కడే ఉంటుంది.”

“అందరికీ వినబడేలా చెప్పు.”

చెప్పాడు. ఊల్కాన్ అక్క పెట్టెను తీసేసింది. అతను గోడలోంచే బయటికొచ్చి, నవ్వుతున్న జనాన్ని చూసి తనూ నవ్వాడు. ఆ నవ్వు మొదట కాస్త బిగుసుకుంది, తర్వాత నిజమైంది.

వారం తిరక్కుండా ఆవిడ వాగు మీద వంతెన వేసింది. చెక్కల మధ్య సందులు కూడా చక్కగా కనబడ్డాయి. జనం రెండు ఒడ్ల మీదా గుమిగూడి “ముందు మీరు, ముందు మీరు” అంటూ సాయంత్రం దాకా నిలబడ్డారు. చివరికి సైకాల్ నడిచి చూసింది.

అది మామూలు వంతెనే.