డేంజర్ అనే మాటకు పుట్టిల్లు

గుర్రపు బళ్ల కాలం నాటి లండన్. అక్కడి నిఘంటువు కార్యాలయంలో హెస్టర్ ప్రిడోకి పదకొండేళ్లుగా ఒకటే పని. ఒక్కో మాట పాత పుస్తకాల్లో ఎక్కడ ముందుగా కనబడిందో వెతికి చీటీ రాయడం. ఆ వారం డేంజర్ అనే మాట వంతు వచ్చింది. నష్టం అనే అర్థమున్న లాటిన్ మాటే ఫ్రెంచి మీదుగా వచ్చి డేంజర్ అయిందని సంపాదకుడు లాంగ్డెన్ ముప్పై ఏళ్లుగా ఊరూరా ఉపన్యాసాలిస్తున్నాడు. ఆ వాదమంటే ఆయనకి ప్రాణం.

సోమవారం ఒక పాత ఫ్రెంచి దస్తావేజు చూసి హెస్టర్ గుండెల్లో రాయి పడింది. తాను దొర 'డేంజర్'లో ఉన్నానని ఒక రైతు అందులో మొరపెట్టుకున్నాడు. అంటే దొర చేతికింద ఉన్నానని. ఆ మాట పుట్టింది యజమాని అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. నష్టమూ లేదు, గిష్టమూ లేదు.

చీటీ రాసి, అడుగున తన పొడి అక్షరాలు వేసింది. ఇవ్వడానికే చేతులు రాలేదు. ఆడవాళ్లకి ఇక్కడేం పనని అందరూ ఎగతాళి చేసిన రోజుల్లో ఆమెకి కుర్చీ వేసి, లాటిన్ నేర్పింది ఆయనే. చూపు మందగించి, ఈ సంపుటంతో సెలవు తీసుకోబోతున్న ముసలాయనకి ఇదా వీడ్కోలు బహుమతి? చీటీని గౌను చేతి మడతలో దాచేసింది.

గురువారం టీ వేళ లాంగ్డెన్ అచ్చుప్రతి ముందేసుకుని అడిగాడు.

"ఏం హెస్టర్, డేంజర్‌కి కొత్తగా ఏమైనా తగిలిందా?"

"లేదు సార్."

"ఆ దస్తావేజులన్నీ చూశావా?"

"కళ్లలో వత్తులేసుకుని మరీ చూశాను సార్."

"అయితే సంతకం పెట్టెయ్."

పేజీ చూసినవాళ్లే సంతకం పెట్టాలి, వెనక్కి తెప్పించాలన్నా వాళ్లే పోవాలి. అక్కడి పద్ధతి అది. పెట్టింది. పేజీ వీధి అవతలి అచ్చాఫీసుకి వెళ్లిపోయింది.

 లాంగ్డెన్ సొరుగు లాగి, పసుపెక్కిన చీటీ ఒకటి ఆమె ముందుకు తోశాడు. అదే రైతు, అదే దొర, అదే వాక్యం. అడుగున లాంగ్డెన్ పొడి అక్షరాలు, పన్నెండేళ్ల కిందటి తేదీ.

"పరువు పోతుందని దాచేశాను," అన్నాడు. "నేను చెప్పలేకే ఆ దస్తావేజుల కట్ట నీకిచ్చాను. నా మొహం మీద చెప్పేవాళ్లంటూ ఉంటే నువ్వేననుకున్నాను."

హెస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. దయ అనుకుని తాను చేసిందీ ఆ పనే. తన చీటీ తీసి ఆయన చీటీ పక్కన పెట్టి, టోపీ కూడా పెట్టుకోకుండా వీధి దాటి పరుగెత్తింది.

"ఆ పేజీ ఆపండి! అందులో తప్పుంది. తప్పు నాది."

"మెషినెక్కించాక చెబుతారేంటండీ?" అచ్చు మేస్త్రీ విసుక్కున్నాడు. "తప్పుల పుస్తకంలో మీ పేరు రాయాల్సొస్తుంది."

"రాసుకోండి."

వెనక కర్ర చప్పుడైంది. లాంగ్డెన్ ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆమె పేరు కొట్టెయ్యవయ్యా," అన్నాడు. "ఆ తప్పు నాది. పన్నెండేళ్ల నాటిది."