పెరుగమ్మ

"కోటేశ్వరరావు గారూ, పప్పులు సరే, మీ కొట్లో పెరుగేమన్నా దొరుకుద్దా అండీ?"

ఆ మాటా, దాని వెనకే నలుగురి నవ్వూ గోడ ఇవతల పెరట్లో మినప్పప్పు కడుగుతున్న మైథిలికి స్పష్టంగా వినబడ్డాయి. పొట్టు తేలిన నీళ్ళు వంపుతున్న చెయ్యి ఆగిపోయింది. తన భర్త ఏమంటాడోనని చెవి అటే పెట్టింది. కోటేశ్వరరావు కూడా నవ్వాడు. "ఆడవాళ్ళ గోల లెండి, వదిలెయ్యండి" అన్నాడు. బేరం దగ్గర కోపం తెచ్చుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఆ కోపమంతా దాచిపెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి లోపలికి తీసుకొస్తాడు.

అలాగే తెచ్చాడు. "ఇంకెన్నాళ్ళు పడాలే నేనిది? ఆ ఖాతా తీసెయ్యమన్నానా లేదా?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. మైథిలి అన్నం పెట్టి, పప్పు పోసి, నెయ్యి వేసింది. పెరుగు గిన్నె మాత్రం మూత తియ్యకుండా పక్కన పెట్టింది. జగ్గయ్యపేట బజారంతా కలిసి ఆమెకి పెరుగమ్మ అని పేరు పెట్టి రెండు నెలలు దాటింది.

జరిగింది చాలా చిన్న విషయం. కార్తీకమాసంలో వాళ్ళ కులం వర్తక సంఘం వాళ్ళు వేదాద్రిలో, కృష్ణ ఒడ్డున, వనభోజనాలు పెట్టుకున్నారు. ఆడవాళ్ళు చీకటితో లేచి వెళ్ళి కూరలు తరిగారు, ఆకులు తుడిచారు, వడ్డించారు. మొదటి బంతి పెద్దలకి, రెండోది కమిటీ వాళ్ళకి, తర్వాత కుర్రాళ్ళకి, ఆ తర్వాత కార్లు తోలుకొచ్చిన డ్రైవర్లకి. ఆడవాళ్ళు కూర్చునేసరికి ఎండ వాలిపోయింది. బూరెలు లేవు. వంకాయ కూర గిన్నెలో నూనె మిగిలింది. పెరుగు అయిపోయింది. కమిటీ పెద్ద ఒకాయన అటుగా పోతూ, "గిన్నెలో కాసిని నీళ్ళు పోసుకుని మజ్జిగ చేసుకోండమ్మా, మీరు సర్దుకుపోతారుగా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళూ నవ్వారు. మైథిలి కూడా నవ్వింది. ఇంటికొచ్చి వాచిపోయిన కాళ్ళు చాపుకుని కూర్చున్నాక మాత్రం ఎందుకు నవ్వానా అనిపించింది. ఫోన్ తీసి రాసింది. "వనభోజనాలు బాగా జరిగాయి. వడ్డించింది మేము. మేము కూర్చునేసరికి పెరుగు అయిపోయింది. వచ్చే ఏడాది ఒక్కసారి మొదటి బంతి ఆడవాళ్ళకి పెట్టి చూస్తే బాగుండు." అంతే. ఎవరినీ తిట్టలేదు. ఎవరి పేరూ రాయలేదు.

రాసింది 'మధ్యాహ్నం మాటలు' అనే గ్రూపులో. కరోనా రోజుల్లో ఆ గ్రూపు మొదలుపెట్టింది మైథిలీ, ఆమెతో పాటు డిగ్రీ చదివిన ఉషశ్రీ. ఉషశ్రీ నందిగామలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. గిన్నెలు తోమడం అయ్యాక, సాయంత్రం టీలు పెట్టేలోగా ఆడవాళ్ళకి దొరికే ఆ కాస్త వేళలో మాట్లాడుకోవడానికని ఆ పేరు పెట్టారు. మొదట్లో ఆవకాయ కొలతలు, జాకెట్టు కుట్లు. పోను పోను వేరే మాటలు వచ్చాయి. నెలల తరబడి రక్తం పోతున్నా తను ఆస్పత్రిలో చేరితే ఇంట్లో వండేదెవరని ఊరుకున్నానని ఒకామె రాసింది. ముఖం కూడా తెలియని ఆడవాళ్ళు వెంటబడి ఆమెని ఆస్పత్రికి పంపారు. కొళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తానని ఇంకొకామె రాస్తే, కింద వరసగా "నేనూ", "నేనూ" అని వచ్చాయి. కూతురు మనోజ్ఞ తర్వాత కడుపులోనే పోయిన బిడ్డ గురించి మైథిలి మొదటిసారి చెప్పుకున్నది అక్కడే. బిడ్డ పోయిన రోజుల్లో ఇంట్లో ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అత్తగారు వాసవాంబ మాత్రం గుమ్మంలో నిలబడి, "పొయ్యి దగ్గరికి ఎప్పుడొస్తావమ్మాయ్?" అంది. అన్నేళ్ళకి, ఆ గ్రూపులో, ఎవరో ఒకామె "పేరు పెట్టుకున్నావా అక్కా?" అని అడిగింది. ఆ రోజు మైథిలి టీ పెట్టడం మర్చిపోయింది.

పెరుగు మాట ఆ గ్రూపు దాటి ఎలా బయటికి పోయిందో తెలియదు. ఎవరో దాన్ని ఫొటో తీసి సంఘం వాళ్ళ పేజీలో పెట్టారు. 'కులం పరువు తీసిన ఇల్లాలు' అని పైన రాశారు. తెల్లారేసరికి వందల మంది చేరారు. మొగుడు పెరుగు కూడా కొనిపెట్టడా అని ఒకడు. ఇలాంటిదాన్ని భరిస్తున్న మొగుడికి దణ్ణం పెట్టాలని ఇంకొకడు. మనోజ్ఞ ఓణీల ఫంక్షన్‌లో మైథిలి దిగిన ఫొటో తీసి, తల మీద పెరుగు బకెట్టు అతికించి ఊరంతా తిప్పారు. ఆ తర్వాత వచ్చినవి ఆమె ఎవరికీ చదివి వినిపించలేని మాటలు. గులాబీ పువ్వులూ దేవుడి బొమ్మలూ ముఖాలుగా పెట్టుకుని, ఆడవాళ్ళ పేర్లతో గ్రూపులోకి కూడా దూరారు. ఒకామె ఇడ్లీ రవ్వ ఎంత నానబెట్టాలని అడిగితే, "మీ ఇంట్లోనూ పెరుగు అయిపోయిందా?" అని కింద నవ్వులు. కంప్లైంట్ పెడితే యాప్ వాళ్ళు, ఇందులో మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని జవాబిచ్చారు. మెల్లగా ఆడవాళ్ళు రాయడం మానేశారు.

"మా కాలంలో ఆకలేస్తే మంచినీళ్ళు తాగి పడుకునేవాళ్ళం. వీధికెక్కేవాళ్ళం కాదు" అంది వాసవాంబ, వత్తులు చేసుకుంటూ. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మనోజ్ఞ ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు రాసింది కరెక్టేనమ్మా. కానీ మా క్లాసు వాళ్ళకి కూడా ఆ ఫొటో వచ్చింది. ప్లీజ్, తీసెయ్యమ్మా." కూతురు ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. పెరుగు మాట మైథిలి ఆ పూటే తీసేసింది. అయినా నవ్వులు ఆగలేదు. ఆమె తీసేసిన మాట వాళ్ళందరి దగ్గరా ఉంది.

ఉషశ్రీ అయితే పూర్తిగానే వెళ్ళిపోయింది. స్కూలు వాళ్ళు పిలిచి, "మేడం, పేరెంట్స్ చూస్తారు కదా" అన్నారట. ఆ సాయంత్రమే ఖాతా మూసేసింది. మైథిలి ఒక ఆదివారం ఫాల్స్ కుట్టించాలని ఇంట్లో చెప్పి బస్సెక్కి నందిగామ వెళ్ళింది.

"నీకేమన్నా పిచ్చా మైథిలీ?" అంది ఉషశ్రీ, కాఫీ చేతికిస్తూ. "పొద్దున్నే లేచి తిట్లు చదువుకోడానికా అక్కడుండటం? పాడైపోయిన ఇల్లు అది. వచ్చెయ్."

"ఎక్కడికే?"

"వేరే యాప్ ఉంది. మనం పిలిస్తేనే ఎవరైనా లోపలికొచ్చేది. మన వాళ్ళందరినీ అక్కడికి తెచ్చేసుకుందాం."

బాగానే ఉందనిపించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మైథిలి ఫోన్ నుంచి ఒక్కొక్కరికీ విడిగా కబురు పెట్టారు. మైథిలి ఇంటికి చేరేలోగానే జవాబులు రావడం మొదలైంది. వస్తామన్న వాళ్ళు కొద్దిమందే. చందర్లపాడు నుంచి కృష్ణప్రియ రాసింది. గ్రూపులో ఎప్పుడూ ఒక్క ముక్క రాసి ఎరగని మనిషి, చదివి ఊరుకునేది. "ఫోన్లో కొత్త బొమ్మ కనబడితే ఇదేంటని మా ఆయన అడుగుతాడక్కా. ఇదైతే చీరల వీడియోలు చూసుకుంటున్నా అనుకుంటాడు. నేను రాలేను. మీరు పోతున్నారా అక్కా?" ఇంకొకామె పుట్టింటి వాళ్ళ ఫొటోలన్నీ ఇక్కడే కనబడతాయంది. మరొకామె ఫోను అత్తగారిది. కొత్త చోటికి వచ్చినవాళ్ళంతా ఉషశ్రీ లాంటి వాళ్ళే, ఉద్యోగాలున్న వాళ్ళు, పోదామనుకుంటే ఎక్కడికైనా పోగలిగిన వాళ్ళు. నాలుగు రోజులు గుడ్ మార్నింగులు పెట్టుకున్నారు. తర్వాత అక్కడ నిశ్శబ్దం.

ఆ రోజు తిరుగు బస్సులో మైథిలి కిటికీ పక్కన కూర్చుని, ముందు పోతున్న సిమెంటు లారీల దుమ్ము ముఖాన కొడుతుంటే అద్దం వేసుకోవడం కూడా మర్చిపోయి, తనని తాను అడుగుతూ వచ్చింది. కృష్ణప్రియ కోసమే ఉంటున్నానా? అది నిజమే గానీ, అదొక్కటే నిజం కాదు. ఇంట్లో ఆమె మొదలుపెట్టిన వాక్యం ఏదీ చివరిదాకా వెళ్ళదు. "నాకేమనిపిస్తోందంటే" అనేలోగా ఆయన "ఉప్పు తగ్గింది" అంటాడు. అత్తగారు "కుక్కరు కూసింది చూడు" అంటుంది. పొద్దున లేచింది మొదలు ఆమె పేరు "ఏమేవ్", "అమ్మాయ్", "వదినా". మరి అక్కడ, ఆ బురదలో, వాళ్ళు ఆమెని పేరు పెట్టి పిలిచారు. తిట్టడానికే కావచ్చు, కానీ ఆమె రాసింది మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివారు. పొద్దున్నే తిట్ల కోసం వెతుక్కునే చెయ్యి తనదే. ఆ సంగతి తోచగానే సిగ్గుతో చచ్చిపోయింది. ఇంత చీకొట్టించుకుని కూడా తలుపు దగ్గరే నిలబడ్డానంటే, తనకి ఇంకో గుమ్మం ఏదీ లేదన్నమాట. ఇది ఉషశ్రీకి చెప్పలేకపోయింది. ఎవరికైనా ఎలా చెప్తారు?

ఆ వారంలోనే చూసింది. బకెట్టు అతికించిన ఫొటో కింద నవ్వే బొమ్మలు నొక్కినవాళ్ళలో తోటికోడలు అహల్య పేరు. అహల్య ఆ రోజు వేదాద్రిలో ఆమె పక్క ఆకు ముందు కూర్చుంది. నీళ్ళ మజ్జిగ తనే పోసింది.

వంటింట్లో చపాతీలు ఒత్తుతున్న అహల్య దగ్గరికి వెళ్ళి నిలబడింది మైథిలి. "నవ్వావేంటి అహల్యా?"

అహల్య తల ఎత్తలేదు. అప్పడాల కర్ర మాత్రం ఆగింది. "మీ మరిది పక్కనే కూర్చుని చూస్తున్నారక్కా. నువ్వెందుకు నవ్వట్లేదే, నువ్వూ ఆవిడ పార్టీయేనా అన్నారు. నొక్కా." మళ్ళీ ఒత్తుతూ, "గ్రూపు మూసెయ్యకక్కా. ఆయన బయటికి పోయాక రోజూ చదూతా. పాతవి" అంది.

మైథిలికి కోపం రావాల్సింది. రాలేదు. పిండి పళ్ళెం దగ్గరకు లాక్కుని ఉండలు చేసి అందించింది.

ఇదిగో, ఇవాళ కొట్లో మళ్ళీ పెరుగు అడిగారు. భోజనం మధ్యలోనే కోటేశ్వరరావు తమ్ముణ్ణి కేకేశాడు. "ఒరే వినయ్, రారా ఇటు. మీ వదిన ఫోన్ తీసుకో. అసలా ఖాతాయే లేకుండా చేసెయ్."

వినయ్ ఫోన్ అందుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ల విషయం ఆ ఇంట్లో అతనికే తెలుసు. "తీసెయ్యాలంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. చెప్పు వదినా."

వాసవాంబ వత్తులు ఆపి చూసింది. గుమ్మంలో అహల్య చూసింది. మైథిలి ఆయన కంచంలో రెండోసారి చారు పోసి, గరిటె గిన్నెలో పెట్టి, "మర్చిపోయా" అంది.

"ఏంటీ?"

"మర్చిపోయానండీ."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో బీరువా తాళం నుంచి గ్యాసు బుక్ చేసే నంబరు దాకా ఇంట్లో అందరి సంగతులూ గుర్తుపెట్టుకున్నది ఆమే. అది ఆయనకీ తెలుసు. "సరే, గుర్తొచ్చేదాకా ఇది కొట్లో ఉంటది" అని ఫోన్ జేబులో వేసుకుని చెయ్యి కడిగేసుకున్నాడు. గెలిచినట్టు ఆమెకేమీ అనిపించలేదు. ఆమె పేరు అక్కడే ఉంది, తిట్లు వస్తూనే ఉంటాయి, ఇప్పుడు చూసుకునే వీలు కూడా లేదు. తిట్టనివాళ్ళెవరైనా పిలిస్తే పలికే వీలూ లేదు.

రోజులు అలాగే గడిచాయి. మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి. చెయ్యి తనకి తెలియకుండానే చీర కుచ్చిళ్ళ పక్క ఫోన్ కోసం తడుముకునేది. కూతురితో మాట్లాడాలన్నా కొట్లోకి వెళ్ళి, గుమాస్తాల ముందు నిలబడి మాట్లాడాలి. ఒకరోజు ఆయనా వినయ్ సరుకు కోసం విజయవాడ వెళ్ళారు. వాసవాంబ నిద్రపోతోంది. అహల్య వంటింటి గట్టు తుడిచి, చేతులు కొంగుకి అద్దుకుని, తన ఫోన్ తెచ్చి మైథిలి ఒళ్ళో పెట్టింది.

"ఆయన వచ్చేలోగా చూసుకో అక్కా."

గ్రూపు ఇంకా ఉంది. పైనే ఓ కొత్త మాట. కృష్ణప్రియది. ఇన్నేళ్ళలో ఆమె అందరి ముందూ రాసిన మొదటి మాట. "మైథిలక్క కనబడటం లేదు. ఎవరికైనా తెలుసా? క్షేమంగా ఉందా?" దాని కింద అప్పుడే మొదలైంది. పెరుగు కొనడానికి వెళ్ళిందని ఒకడు. మొగుడు తన్ని తగలేశాడని ఒకడు. కృష్ణప్రియ కూడా అదే టైపా అని ఇంకొకడు. ఆడవాళ్ళు ఒక్కరూ పలకలేదు.

మైథిలి బొటనవేలు అక్షరాల మీదికి వెళ్ళి ఆగింది. ఫోన్ ఆమెది కాదు. ఇక్కడ ఏం రాసినా అహల్య పేరుతో పడుతుంది. ఫోన్ తిరిగి ఇచ్చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

అహల్య నిలబడే ఉంది. కిందికి చూసి ఏదో రాసింది, మెల్లగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. గ్రూపులో పెట్టేసి చూపించింది. తన సొంత పేరు, పక్కన తనూ వినయ్ తిరుపతిలో దిగిన ఫొటో, ఆ పక్కన మాట.

"మా అక్క ఉంది. మా ఇంట్లోనే ఉంది. ఫోన్ లాక్కున్నారు."

ఎవరు చూస్తారో, సాయంత్రానికి ఈ ఇంట్లో ఏమవుతుందో ఒక్కసారిగా మైథిలి కళ్ళ ముందు కదిలింది. అహల్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిచ్చిదానా, మీ ఆయన చూస్తాడే. తీసెయ్. ముందు తీసెయ్."

అన్నాక వినబడింది తన గొంతు. భర్త గొంతులాగే ఉంది.

అహల్య తీసెయ్యలేదు.