వెంకటగిరియప్ప బండికి మిగిలిన దారి

ఆయుధపూజ వారం వచ్చిందంటే ఊరి చివరి ఫ్యాక్టరీల పేట పీణ్యలో వెంకటగిరియప్ప షెడ్డు ముందు బండ్లు బారులు తీరేవి. ఏళ్ల తరబడి గోనెపట్టాల కింద పడున్నవాటిని కూడా జనం తోసుకొచ్చేవాళ్లు. పూజనాడు బండి కదలాలి, చక్రం కింద నిమ్మకాయ నలగాలి. వెంకటగిరియప్ప కార్బురేటర్ విప్పి, అడుగున బెల్లంపాకంలా గడ్డకట్టిన పాత పెట్రోలును కిరసనాయిలుతో కడిగి, మళ్లీ బిగించి ఇచ్చేవాడు.

ఇస్తూ ఒక్కటే చెప్పేవాడు, మొదటిసారి హ్యాండిల్ గట్టిగా పట్టుకోవద్దని. ఆగిపోయిన నాడు ఎక్కడికి బయల్దేరి చేరలేదో, బండి ముందు అక్కడికి పోతుంది. ఆ తర్వాతే మన మాట వింటుంది. ఇది పీణ్యలో అందరికీ తెలిసిందే. ఒక ఏడాది సూపర్‌వైజర్ ఓంకార్‌ని అతని బండి నేరుగా పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆరేళ్ల కిందట ఎగ్గొట్టిన పన్ను, పీకించుకునే వచ్చాడు పాపం.

ఇంతమంది బండ్లు కడిగే మనిషి తన బండిని మాత్రం పదకొండేళ్లుగా ముట్టలేదు. 1992లో, వర్తూరులో మెకానిక్కుగా ఉన్న తమ్ముడు బాలరాజు ఎవరితోనో, మా అన్న పెట్రోలు వచ్చే జెట్టులో సూది పెట్టి బొక్క పెద్దది చేస్తాడు, బండి పెట్రోలు తాగేస్తుంది అన్నాడట. మెకానిక్కుకు అంతకంటే తిట్టు లేదు. వర్తూరు పోయి వాడి పళ్లు రాలగొడతానని బండి స్టార్ట్ చేస్తే, భార్య జయమ్మ చొక్కా పట్టుకుని ఆపింది. ఆ కోపంలో పెట్రోలు ట్యాపు కూడా కట్టేయకుండా బండిని మూలకు తోశాడు. అన్నదమ్ములకు మాటలు ఆనాడే పోయాయి. బండి కడిగితే తమ్ముడి దగ్గరికి పోతుంది, పోతే చెయ్యి లేస్తుంది, లేస్తే వాడిక ఈ జన్మకు దక్కడు. అదీ ఆయన భయం.

2003లో పండగకు రెండు రోజుల ముందు, ఆయన టీ తాగి వచ్చేసరికి జయమ్మ ఆ కార్బురేటర్ కడిగి బిగించేసింది. ఇన్నేళ్లు కళ్లారా చూసిన పని, ఆ మాత్రం రాదా?

"ఎక్కయ్యా, వెనకాల నేనుంటా. చెయ్యి లేస్తే పట్టుకుంటా" అంది.

రెండో కిక్కుకే బండి అందుకుంది. షెడ్డు ముందున్నవాళ్లంతా పని మానుకుని, కదిలే బండి దొరికినవాళ్లు దొరికినట్టే వెంటపడ్డారు. యశవంతపురం దాటారు, మల్లేశ్వరం దాటారు. వర్తూరుకైతే తూర్పుకు తిరగాల్సిన బండి తిరగలేదు. మెజెస్టిక్ మీదుగా పోయి పోయి చిక్కపేట సందుల్లో దూరింది. చీరల మూటల కూలీలు గోడలకు అతుక్కుని దారిచ్చారు. ఇది వర్తూరు దారి కాదే అని వెంకటగిరియప్ప కంగారుపడ్డాడు. అయినా ఇన్నేళ్ల తర్వాత ముఖాన గాలి కొడుతుంటే లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది.

బండి ఒక హార్డ్‌వేర్ అంగడి ముందు ఆగింది. అక్కడ బాలరాజు పండగ పనులకు వాషర్లు ఏరుకుంటున్నాడు. పదకొండేళ్ల కిందట బండి బయల్దేరింది ఇంటికి కాదు, మనిషి దగ్గరికి.

బాలరాజు వెనక్కి తిరగలేదు. తల కాస్త వంచి ఇంజను చప్పుడు విన్నాడు.

"స్లో జెట్టులో ఇంకా మడ్డి ఉండాదన్నా" అన్నాడు.

ఇన్నేళ్లకు పెదవి విప్పి, మళ్లీ పనికే వంక పెట్టాడు. జయమ్మ గబుక్కున మొగుడి చెయ్యి పట్టుకుంది. వెంకటగిరియప్ప కూడా చెవి పెట్టాడు. బండి నిజంగానే దగ్గుతోంది.

"అవునురా, ఉండాది" అన్నాడు. ఆ మాట అనేసరికి ఆయనకు ఏడుపొచ్చింది.

సందు మధ్యలో, వెనక తోపుడుబండ్ల వాళ్లు తిడుతూనే ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ గొంతుక్కూర్చుని కార్బురేటర్ విప్పారు. బాలరాజు జెట్టును నోట్లో పెట్టుకుని ఊదాడు. మళ్లీ ఊదాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ మడ్డి కదల్లేదు.

"ఊదితే పొయ్యేట్టు లేదు" అన్నాడు చివరికి, తల వంచుకుని. "సూది ఉండాదా అన్నా?"

వెంకటగిరియప్ప వెంట వచ్చిన జనాన్ని ఓసారి చూశాడు. తర్వాత చొక్కా కాలరు కింద దాచుకున్న సూదిని తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.