వెనక కిటికీ గొళ్ళెం

గ్రీజు రాసేటప్పుడు బాబాయ్ నాలుక కొస బయటికి వస్తుంది. చూపుడు వేలితో డబ్బాలోంచి కాస్త తీసి, గాలిమర కింది ఇనప తలుపు బందులకి పట్టించి, మిగిలింది తుడిచేయడానికి మనసొప్పక సైకిలు గొలుసుకి రాస్తాడు. తలుపు కిర్రుమనకపోతే చాలు, ఆ పూటకి ఆయన కడుపు నిండినట్టే. పొట్టిగా, గుండ్రంగా, మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడే ప్యాంటుతో ఉండే ఈ కాపలాదారుని ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

ఆ గాలిమర ఏ కంపెనీదీ కాదు. ఊరివాళ్ళు తలా కాస్త వేసుకుని నిలబెట్టుకున్నది. దాని కరెంటు అమ్మగా మిగిలినదాంతో ఏటా మట్టికో, నీళ్ళకో, చెట్లకో మేలు చేసే పని ఒకటి చేయిస్తారు. ఏ పనన్నది దాని కిందే తేలుతుంది. నేల మీద సుద్దతో గీత గీసి, ఈ పని కావాలనేవాళ్ళు ఇటు, ఆ పని కావాలనేవాళ్ళు అటు నిలబడతారు. గీత గీసేదీ, కుర్చీలు వేసేదీ, టీ పోసేదీ బాబాయే. టీ బల్ల ఎప్పుడూ నీడలోనే వేస్తాడు. ఆయనకీ ఓ వాటా ఉంది కానీ, నీడ ఎటు పడితే ఆయన తలా అటే లెక్కలోకి పోయేది. ఒక ఏడాది తనకి సుతరామూ ఇష్టం లేని గులాబీ తోటకి కూడా అలాగే ఓటు పడింది. “మధ్యలో కెటిల్ ఎక్కడ వదిలేస్తాను?” అన్నాడు ఇంటికొచ్చి. వాళ్ళావిడ నెత్తి కొట్టుకుంది.

ఈసారి పోటీ బస్టాండు చుట్టూ చెట్లు నాటడానికీ, వాగు బాగుచేయడానికీ. వాగు బాబాయ్ ఇంటి వెనకే. ఒకప్పుడు వెనక కిటికీ దగ్గర, తడిగాలిలో కూర్చుని ఆవిడ బట్టలు కుట్టేది. వాగు ప్లాస్టిక్కుతో పూడి కంపు కొట్టడం మొదలయ్యాక కిటికీ మూతపడింది. గొళ్ళెం తుప్పు పట్టింది. ఆవిడ ముందుగదిలో ట్యూబులైటు కింద కళ్ళు చికిలించుకుని కుడుతోంది. అది చూసినప్పుడల్లా బాబాయ్‌కి ప్రాణం ఉసూరుమనేది.

పొద్దున చొక్కా అందిస్తూ ఆవిడ అంది: “ఈసారైనా నోరు తెరుస్తారా, కెటిల్ మూతే తెరుస్తారా?”

గాలిమర కింద బాబాయ్ టీ బల్లని నీడలోంచి లాక్కెళ్ళి, వాగు వైపు, మిట్టమధ్యాహ్నపు ఎండలో వేశాడు. ఎండైనా టీ టీయే కదా, జనం అక్కడే మూగారు. లెక్కపెట్టే పంతులమ్మ వేలు చూపిస్తూ వచ్చి, “అబ్బో, వాగు వైపే బాగా ఉన్నారే!” అంది.

బాబాయ్ పోస్తున్న కెటిల్ పైకెత్తాడు. తను నోరు మూసుకుంటే చాలు, కిటికీ తెరుచుకుంటుంది. కానీ గులాబీ తోట గుర్తొచ్చింది. కెటిల్ కింద పెట్టాడు.

“ఆగమ్మా. వీళ్ళు టీకి వచ్చారు. ఏం బాబూ, చెట్లు కావాలనుకునేవాళ్ళు అటు వెళ్ళండి. కప్పులు పట్టుకెళ్ళండి, పర్లేదు. నేను మాత్రం వాగుకే. మా ఆవిడ కిటికీ తీసి ఎన్నేళ్ళయిందో.”

జనం నవ్వారు. చాలామంది గీత దాటారు. బస్సు డ్రైవరు కూడా నాలుగడుగులు వేసి, ఆగి, ఓ గుక్క తాగి వెనక్కి వచ్చాడు. “చెట్లు పై ఏడాది నాటొచ్చులే. బాబాయ్, ఇంకో సగం కప్పు పొయ్యి.” అతని వెనకే ఇంకొందరు వచ్చారు. పంతులమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. వాగే గెలిచింది.

బాబాయ్ గ్రీజు డబ్బా జేబులో వేసుకుని సైకిలెక్కాడు. అంత సంతోషంగా ఆయన ఆ దారిన ఎన్నడూ రాలేదు. ఇంటికి వస్తూనే గొళ్ళేనికి గ్రీజు పట్టించి, నాలుక బయటపెట్టి, గుంజి, కిటికీ తెరిచాడు.

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. “అమ్మో, కంపు! వాగు బాగుపడేదాకా ఆగలేరూ?”

“అప్పుడు గొళ్ళెం మొరాయిస్తేనో? నీ కుట్టుపని తెచ్చుకో, వెలుతురు బాగుంది.”

డబ్బా గూట్లో పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ బట్టలు తెచ్చేసరికి గడ్డం ఛాతీకి ఆనించి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఆవిడ పక్కనే కూర్చుంది. దారం కూడా కళ్ళు చికిలించకుండానే ఎక్కించింది. లంగా అంచు మొత్తం కుట్టడం అయ్యాక, చూపిద్దామని ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

వానలు తగ్గేసరికి వాగు పారింది. ఆవిడ రోజూ కిటికీ తీస్తుంది, గొళ్ళెం చప్పుడు చేయదు. గూట్లోని గ్రీజు డబ్బాని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వదు. మూత పెట్టని ఆ డబ్బాలో ఆయన వేలు తీసిన గుంట అలాగే ఉంది.